గల్లీ ముచ్చటకు స్తంభం నంబరు తోడు కావాలి

సంపాదకులకు నమస్కారం.

పొద్దున ఆరు గంటలకు నల్లగొండలో ఏ గల్లీలో నిలబడ్డా ఒకటే ముచ్చట వినబడుతుంది. నల్లా రాలేదు, వచ్చినా మొదటి రెండు బిందెలు వాసన. మోరీలోంచి తీసిన మట్టి మోరీ గట్టు మీదనే ఉంది. మూల మీద లైటు వారం నుంచి వెలగడం లేదు, పక్క గల్లీలో మాత్రం పట్టపగలు వెలుగుతోంది. పాలప్యాకెట్ల దుకాణం దగ్గర, చాయ్ హోటల్ ముందర, రేషన్ వరుసలో ఇవే మాటలు. మన జిల్లా నుంచి వెళ్లిన పిల్లలు లండన్ శివార్లలో, హారోలోనో హౌన్‌స్లోలోనో ఈస్ట్ హామ్‌లోనో కాపురాలు పెట్టుకున్నారు. చలికాలంలో మనకు పదకొండున్నర అయ్యేసరికి అక్కడ ఆరు కొడుతుంది. అక్కడి ఇరుగుపొరుగు మాటలూ ఇంచుమించు ఇలాంటివే. చెత్తడబ్బా ఖాళీ చేయకుండా వెళ్లిపోయారు, రాత్రి నక్కలు సంచులు చింపి చెత్త రోడ్డంతా లాగాయి, మలుపులో గుంత పడింది, వీధిదీపం ఆరిపోయింది, పక్కింటివాళ్లు వెనక గది కడితే మన పెరట్లో వెలుతురు పోతుంది.

కష్టాలు రెండు చోట్లా ఒకటే అయినా, వాటిని చెప్పే తీరులో తేడా ఉంది. ఆ తేడా వల్ల మన దగ్గర ఎన్నో మామూలు పనులు నెలల తరబడి ఆగిపోతున్నాయి. అందుకే ఈ ఉత్తరం.

లండన్‌లో 32 బరోలు, అంటే మన వార్డుల కంటే చాలా పెద్ద పాలన విభాగాలు, ఉన్నాయి, నడిమధ్యన ఉండే సిటీ ఆఫ్ లండన్ వేరు. ప్రతి బరోకు ఒక కౌన్సిల్. గల్లీ రోడ్డు, వీధిదీపం, చెత్త, పార్కు దాని పనులు. ఎర్ర గీతలు గీసి ఉండే పెద్ద రోడ్లు కౌన్సిల్‌వి కావు, ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ చేతిలో ఉంటాయి. తాగునీరు, మురుగు గొట్టాలు నీటి కంపెనీల పని. ఎవరి పని ఏదో అక్కడివాళ్లకు పుట్టుకతో వచ్చిన తెలివేమీ కాదు. తప్పుచోట ఫిర్యాదు చేస్తే రోజులు దండగ కనుక నేర్చుకున్నారు. దీపం ఆరిందని చెప్పబోతే మొదట అడిగేది స్తంభానికి అంటించి ఉన్న నంబరు. గుంత పడిందంటే ఎక్కడ, ఎంత లోతు అని అడుగుతారు. చాలా కౌన్సిళ్లు సుమారు 40 మిల్లీమీటర్ల లోతు దాటిన గుంతను మరమ్మతు చేయాల్సినదిగా లెక్కేస్తాయి. మైసొసైటీ అనే సంస్థ 2007లో తెచ్చిన ఫిక్స్‌మైస్ట్రీట్ అనే వెబ్‌సైటులో పోస్ట్‌కోడ్ కొట్టి, పటం మీద చోటు గుర్తుపెట్టి, ఫోటో జోడిస్తే ఆ ఫిర్యాదు సంబంధిత కౌన్సిల్‌కు చేరుతుంది, అందరికీ కనబడుతుంది.

రాతకు ఎందుకంత విలువ అంటే, 1980 నాటి హైవేస్ చట్టం రోడ్లను బాగుగా ఉంచే బాధ్యతను కౌన్సిల్ మీద పెట్టింది. గుంతలో పడి కాలు విరిగినవాళ్లు పరిహారం అడిగితే, తాము పద్ధతి ప్రకారం తనిఖీలు చేస్తున్నామని కౌన్సిల్ రుజువు చూపుకోవాలి. అప్పటికే ఆ గుంత మీద తేదీతో ఫిర్యాదు నమోదై ఉంటే మాకు తెలియదన్న మాట చెల్లదు. చప్పుడు గొడవల్లోనూ అంతే. రాత్రిళ్లు పాటల మోత అని చెబితే, రోజువారీ పట్టీ రాయమంటారు: ఏ తేదీ, ఎన్నింటికి మొదలై ఎన్నింటికి ఆగింది, ఏ గదిలోకి వినబడింది. అనుమతి అవసరమైన కట్టడమైతే ఇరుగుపొరుగుకు తెలియజేసి 21 రోజుల గడువిస్తారు. అందులోనూ వెలుతురు, కిటికీలోంచి తొంగిచూపు, బండ్లు నిలిపే చోటు లాంటి కారణాలే లెక్కలోకి వస్తాయి. మా ఇంటి ధర పడిపోతుందన్న అభ్యంతరం చెల్లదు.

అక్కడ అంతా సవ్యంగా ఉందని మేం అనడం లేదు. డబ్బు చాలక కౌన్సిళ్లు కుంటుతున్నాయి, గుంతలు వారాల తరబడి ఉంటున్నాయి. కానీ ఎవరికి ఏం చెప్పారో, ఎప్పుడు చెప్పారో రాత ఉంటుంది. ఆ పాటి పని చేయడానికి మనకు లండన్ డబ్బు అక్కర్లేదు.

వీధిదీపాలతో మొదలుపెడదాం. మన దగ్గర స్తంభం, తీగ కరెంటు సంస్థవి. స్తంభానికి ఉన్న దీపం పురపాలికది. దీపం వెలగకపోతే కరెంటు సంస్థ ఫిర్యాదుల నంబరు 1912కు ఫోన్ చేసి లాభం లేదు. తీగ వేలాడినా, నిప్పురవ్వలు రాలినా, స్తంభం ఒరిగినా మున్సిపల్ ఆఫీసుకు పోయి లాభం లేదు, అప్పుడు 1912. ఒక్క దీపమే ఆరితే దాని లోపల కరెంటును సరిచేసి ఇచ్చే డ్రైవర్ అనే భాగం కాలిపోయి ఉంటుంది, లేదా తీగ దగ్గర కనెక్షన్ వదులై ఉంటుంది. మినుకుమినుకుమంటోందంటే కూడా ఇవే రెండు కారణాలు. వరుసగా గల్లీ దీపాలన్నీ ఆరి ఇళ్లలో కరెంటు ఉంటే, స్విచ్ డబ్బాలో ఫ్యూజో టైమరో పోయినట్టు. పగలు కూడా వెలుగుతుంటే టైమర్ చెడిందన్నమాట, లేకపోతే ఆ వరుసకు వీధిదీపాల కోసం విడిగా తీగ వేయకుండా ఇళ్ల తీగకే తగిలించారన్నమాట. ఈ రెండో లోపానికి దీపం మార్చితే ఏం కాదు, విడి తీగ గుంజాలి. 35 వాట్ల దీపం పగలు 12 గంటలు వెలిగితే రోజుకు 0.42 యూనిట్లు. పది దీపాలకు నెలకు 126 యూనిట్లు. ఆ బిల్లు కట్టేది మన ఇంటిపన్ను డబ్బుతోనే.

కాబట్టి 'మా కాలనీలో లైట్లు వెలగడం లేదు' అని రాస్తే ఎలక్ట్రీషియన్ రాత్రిపూట వచ్చి వెతుక్కోవాలి. పగలు వస్తే ఏది వెలగడం లేదో ఆయనకు ఎలా తెలుస్తుంది? స్తంభం మీద రాసిన నంబరు, ట్రాన్స్‌ఫార్మర్ మీద ఉన్న నంబరు, ఎదురింటి డోర్ నంబరు, ఎన్నో తేదీ నుంచి, ఒకటా వరుసంతానా అన్నది రాస్తే ఆయన నిచ్చెనతో పాటు కావలసిన సామాను కూడా తెచ్చుకుంటాడు. స్తంభం మీద నంబరు చెరిగిపోతే, ఎదురింటివారి కరెంటు బిల్లు మీదున్న యూనిక్ సర్వీసు నంబరు రాయండి. ఆ ఇల్లు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉందో కరెంటు ఆఫీసులో దాన్ని బట్టి చెప్పగలరు.

ఇక నీళ్లు. ఫ్లోరైడ్‌తో ఎముకలు వంగిన జిల్లా ఇది. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు పేర్లు దేశమంతా తెలిసింది ఆ దుఃఖంతోనే. పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతిని నాగపూర్‌లోని పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ నీరీ తయారుచేస్తే, దానికి మన ఊరి పేరే పెట్టి నల్లగొండ టెక్నిక్ అన్నారు. 2015లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరించిన మిషన్ భగీరథ తర్వాత కృష్ణా నీళ్లు ఊరూరికీ వచ్చాయి. ఇప్పుడు గల్లీల్లో వినబడే నీటి ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం నీళ్లు శుద్ధిచేసే చోట పుట్టినవి కావు. గల్లీలోని పంపిణీ పైపు నుంచి మన ఇంటి నల్లా దాకా ఉండే ఆఖరి పది, ఇరవై మీటర్లలో పుట్టినవి.

ఎట్లంటే, ఇంటికి వచ్చే సర్వీసు పైపు చాలాచోట్ల మోరీని దాటుకుని వస్తుంది. కొన్నిచోట్ల మోరీ నీళ్లలోనే మునిగి ఉంటుంది. నల్లా వదిలినప్పుడు పైపులో ఒత్తిడి ఉంటుంది కనుక చిల్లు ఉంటే నీళ్లు బయటికి కారుతాయి. వదలడం ఆపేయగానే పైపు ఖాళీ అవుతుంది. అదే చిల్లులోంచి మురుగు లోపలికి పోతుంది. మరుసటి రోజు నల్లా తిప్పగానే ముందు వచ్చేది ఆ మురుగే. దీనికి తోడు నల్లాకు నేరుగా మోటారు బిగిస్తే పీల్పుడు ఇంకా పెరిగి, పైపులోకి బయటి మురుగు బలంగా లాగబడుతుంది. పీల్చే ఇంటికే కాదు, ఆ వరుసలో అందరికీ ఆ నీళ్లే. చివరి ఇళ్లకు అవి కూడా అందవు. మోటారు కావాలంటే నల్లా నీళ్లు సంపులో పడనిచ్చి, సంపులోంచి ట్యాంకుకు ఎక్కించుకోవాలి. సంపు మూత నేల కంటే కనీసం జానెడు ఎత్తులో ఉండాలి. నేలమట్టంగా ఉంటే వాకిలి కడిగిన నీళ్లు, వాననీళ్లు అందులోకే పోతాయి.

నీళ్లు బాగాలేవని ఊరికే అనకుండా ఎట్ల బాగాలేవో చూడాలి. మొదటి రెండు మూడు నిమిషాలు మురికిగా వచ్చి తర్వాత తేటబడితే చిల్లు మన ఇంటి పైపులోనో పక్కింటి పైపులోనో ఉంది. వదిలినంతసేపూ మురికిగా ఉండి, వరుసగా నాలుగైదు ఇళ్లకూ అలాగే వస్తే పెద్ద పైపు పగిలినట్టు. ఇటుక రంగులో వస్తే పాత ఇనుప పైపు తుప్పు. పాలలా తెల్లగా వచ్చి, గాజు గ్లాసులో పట్టి పెడితే అడుగు నుంచి పైకి తేటపడుతూ నిమిషంలో మామూలైతే అది గాలి. దానితో భయం లేదు. చిల్లు ఎక్కడుందో పట్టుకోవడానికి ఒక సులువైన దారి ఉంది. నల్లా వదిలే వాల్వు దగ్గరి ఇంటి నుంచి మొదలుపెట్టి వరుసగా ప్రతి ఇంట్లో మొదటి గ్లాసు నీళ్లు ఒకే సమయంలో పట్టి డోర్ నంబరు రాసి పెట్టండి. తేటగా ఉన్న చివరి ఇంటికీ మురికి మొదలైన మొదటి ఇంటికీ నడుమ తవ్వితే సరిపోతుంది. ఇది రాసిస్తే పనివాళ్లు వంద మీటర్ల సీసీ రోడ్డు పగలగొట్టాల్సిన అవసరం తప్పుతుంది.

మరమ్మతు చేయించేటప్పుడు మోరీలో ఉన్న చిల్లుకు రబ్బరు చుట్టించి పంపేస్తే నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. అరంగుళం సర్వీసు పైపును రెండంగుళాల పైపులో దూర్చి, మోరీ నీటిమట్టానికి పైనుంచి దాటించాలి. తొడుగు పైపు మోరీకి ఇరువైపులా అడుగు చొప్పున బయటికి రావాలి. మోరీ వెడల్పులో ఎక్కడా అతుకు ఉండకూడదు. అతుకు ఉన్నచోటే ముందు వదులవుతుంది. మోరీ కట్టే కాంట్రాక్టర్‌తో ఈ పని మోరీ కట్టకముందే చేయించుకోవాలి. గోడలు లేచిన తర్వాత పైపు కోసం వాటిని పగలగొడితే మోరీ కూడా కారుతుంది.

క్లోరిన్ విషయం కూడా తెలుసుకోవాలి. తాగునీటి ప్రమాణాల ప్రకారం చివరి ఇంటి నల్లాలో కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. పరీక్ష చిన్నదే. గాజు గొట్టంలో నల్లా నీళ్లు పట్టి మందు చుక్కలు వేస్తే పసుపు రంగు వస్తుంది, ఆ రంగును డబ్బా మీది రంగులతో పోల్చి చూస్తారు. రంగే రాకపోతే క్లోరిన్ లేనట్టు. ట్యాంకు దగ్గర చేసిన పరీక్ష గల్లీ చివరి ఇంటికి చెల్లదు. చివరి ఇంటి డోర్ నంబరు రాసి, నల్లా వదిలే వేళకే వచ్చి చూడమని అడగాలి. సంపులో గంటలు నిలిచిన నీళ్లలో క్లోరిన్ తగ్గిపోతుంది కనుక పరీక్ష నేరుగా నల్లా నీటికే చేయాలి.

నల్లా రాని రోజు బోరు నీళ్లు వాడుకోవడం మామూలే. గిన్నెలు, బట్టలు, స్నానం వరకు పరవాలేదు. తాగడానికి, వండడానికి మాత్రం పరీక్ష చేయించకుండా వాడొద్దు. ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా సరే, వేరే నీళ్లు దొరకనప్పుడు 1.5 దాకా అని ప్రమాణం. మరిగిస్తే ఫ్లోరైడ్ పోతుందని ఇంకా చాలామంది నమ్ముతున్నారు. మరిగిస్తే నీళ్లు ఆవిరై ఫ్లోరైడ్ అక్కడే ఉంటుంది, చిక్కబడుతుంది. క్యాండిల్ ఫిల్టరు మట్టిని ఆపుతుంది, ఫ్లోరైడ్‌ను ఆపదు. పరీక్షకు ఇచ్చేటప్పుడు బోరు పది నిమిషాలు నడిపి, ప్లాస్టిక్ సీసాను అవే నీళ్లతో మూడుసార్లు కడిగి లీటరు పట్టాలి. గాజు సీసా వద్దు, ఫ్లోరైడ్ గాజుతో కలుస్తుంది. సీసా మీద బోరు ఎక్కడిది, ఎన్ని అడుగులు, ఏ తేదీన పట్టింది రాయాలి. ఒకే గల్లీలో రెండు బోర్లకు రెండు తీర్ల లెక్క రావచ్చు. పక్కింటి ఫలితాన్ని మనదిగా అనుకోవద్దు.

మోరీల మీద ఎక్కువ రాయాల్సి వస్తోంది, ఎందుకంటే వానాకాలంలో ఇళ్లలోకి నీళ్లు రావడానికి అసలు కారణం అక్కడుంది. మోరీ తీశారు, మట్టి గట్టు మీద పోశారు, ట్రాక్టర్ నాలుగు రోజులు రాలేదు, వాన పడింది, మట్టి మళ్లీ మోరీలో. పని చేసినట్టు లెక్క రాసుకున్నారు, కూలీ కూడా ఇచ్చారు. తడి మట్టిని వెంటనే ఎత్తలేరు, నిజమే, ఒకరోజు ఆరనివ్వాలి. రెండో రోజు దాటితే మాత్రం అడగాలి. ఏ తేదీన తీశారు, ఏ ఇంటి నుంచి ఏ ఇంటి దాకా తీశారు, ఎన్ని కుప్పలు ఉన్నాయి అని రాసి శానిటరీ ఇన్‌స్పెక్టర్‌కు ఇవ్వాలి.

ఇంటి ముందు బండి ఎక్కించుకోవడానికి మోరీ మీద నిండుగా కాంక్రీటు పోసుకోవడం మన తప్పు. దాని కింద పార పోదు, కర్ర పోదు. ఒక ఇంటి ముందు అట్లా బిగిస్తే ఎగువన పది ఇళ్ల మోరీ నిలుస్తుంది. రెండు అడుగుల వెడల్పు పలకలు, ఇద్దరు మనుషులు ఎత్తగలిగేంత బరువులో, పట్టుకోవడానికి కొక్కెం పెట్టి వేసుకుంటే ఏ ఇబ్బందీ లేదు.

మోరీ తీసినా నీళ్లు కదలకపోతే వాలు తప్పినట్టు. ఇంత చిన్న మోరీకి రెండు వందల అడుగులకు ఒక అడుగైనా వాలు ఉండాలి. వంద అడుగుల గల్లీలో రెండు కొసల నడుమ ఆరు అంగుళాల తేడా కనబడాలన్నమాట. మేస్త్రీ దగ్గర ఉండే పారదర్శక నీటి గొట్టంతో దీన్ని అరగంటలో చూడొచ్చు. వాన లేని రెండు రోజుల తర్వాత కూడా ఎక్కడ నీళ్లు నిలిచి ఉన్నాయో ఆ చోటును డోర్ నంబర్లతో రాస్తే, అక్కడ మోరీ అడుగు లేపి మళ్లీ పోయాలని అసిస్టెంట్ ఇంజినీరు (ఏఈ) అంచనా వేయగలడు. నిలిచిన నీళ్లలో దోమ గుడ్డు వారం పది రోజుల్లో దోమవుతుంది. పొగ కొట్టమని అడిగే ముందు ఆ నీళ్లు కదలాలి.

అన్నిటికంటే పెద్ద నష్టం రోడ్డు మీద రోడ్డు పోయడం. పాత సీసీ రోడ్డును తవ్వకుండా దాని మీదే ఆరంగుళాల మందంతో మళ్లీ పోస్తారు. రెండుసార్లు పోసేసరికి గల్లీ అడుగు ఎత్తు లేస్తుంది. ఇరవై ఏళ్ల కింద మూడు మెట్లెక్కి ఇంట్లోకి పోయినవారు ఇప్పుడు ఒక్క మెట్టు ఎక్కుతున్నారు, కొందరు దిగుతున్నారు. మోరీ గోడ మాత్రం పాత ఎత్తులోనే ఉంటుంది, వాననీళ్లు మోరీలోకి పోకుండా ఇళ్ల మీదికి వస్తాయి. రోడ్డు మంజూరైందని తెలిసిన రోజే, పని మొదలు కాకముందే, గల్లీలో అతి తక్కువ ఎత్తున్న ఇంటి గోడ మీద గడప మట్టానికి రంగుతో గీత గీసి, అక్కడి నుంచి రోడ్డు దాకా ఎంత లోతు ఉందో కొలిచి ఫోటో తీయాలి. ఆ కొలత రాసి, పాత రోడ్డు తవ్వి తీసేయడం అంచనాలో ఉందా లేదా అని అడగాలి. అంచనా దశలో ఒక్క ఉత్తరంతో మారే పని, కాంక్రీటు పడిన తర్వాత ధర్నాతోనూ మారదు. కొత్త నల్లా కనెక్షన్లు, పైపుల మార్పు కూడా అప్పుడే పూర్తిచేసుకోవాలి. పోసిన రోడ్డును నెలకే కోసి, కోసినచోట మట్టి కప్పి పోతే అదే మొదటి గుంత. మట్టిని పొరలుగా దిమ్మిస కొట్టి, పైన కాంక్రీటు పోసి, కనీసం వారం రోజులు తడపాలి.

గుంతను కొలవడం ఎవరైనా చేయగలరు. తిన్నని కర్ర అడ్డంగా పెట్టి, కర్ర కింది అంచు నుంచి గుంత అడుగుకు స్కేలుతో కొలవాలి. పొడవు, వెడల్పు కూడా. స్కేలు కనబడేలా ఫోటో. ఆ రోడ్డు ఎవరిదో ముందు చూసుకోవాలి. గల్లీ రోడ్లు పురపాలికవి. నకిరేకల్ నుంచి నల్లగొండ మీదుగా సాగర్ వైపు పోయే 565 నంబరు జాతీయ రహదారి మీది గుంతకు మున్సిపల్ ఆఫీసు చుట్టూ తిరిగితే చెప్పులరగడమే.

చెత్త ఆటో వేళ తప్పుతోందన్న మాట నిజమే, కానీ వేళ తప్పిన ప్రతిసారీ మూలమీద పారబోస్తే ఆ మూల కుప్ప అవుతుంది, కోడి, మాంసం దుకాణాల వ్యర్థాలు అక్కడికే చేరతాయి, కుక్కలు అక్కడే పిల్లలు పెడతాయి. 2023 నాటి నిబంధనల ప్రకారం వీధికుక్కలను పట్టి, పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స, టీకా చేసి, పట్టినచోటే వదలాలి. శస్త్రచికిత్స అయిన కుక్కకు చెవి మీద గుర్తు ఉంటుంది. కుక్కలు ఎక్కువయ్యాయని రాయకుండా, ఏ మూల మీద ఎన్ని, చెవి గుర్తు లేనివి ఎన్ని అని రాయండి. కరిస్తే ముందు సబ్బు, ధార నీళ్లతో పదిహేను నిమిషాలు కడగాలి, పసుపు, కారం పెట్టొద్దు. సర్కారు దవాఖానలో చర్మంలో వేసే టీకా మొదటి రోజు, తర్వాత 3, 7, 28 రోజులకు. ఒక్కటీ మానొద్దు.

పక్క ప్లాటులో కట్టడం గురించి ఒక మాట. లండన్‌లో ఇచ్చే 21 రోజుల గడువు లాంటిది మన దగ్గర మామూలు ఇళ్లకు లేదు. 2020లో ఇళ్ల అనుమతుల కోసం వచ్చిన బీపాస్ చట్టంతో 75 గజాల లోపు ప్లాటుకు అనుమతే అక్కర్లేదు, నమోదు చాలు. 500 చదరపు మీటర్ల లోపు, 10 మీటర్ల లోపు ఎత్తున్న ఇంటికి యజమాని సొంత ధ్రువీకరణ మీద అప్పటికప్పుడే అనుమతి వస్తుంది. కనుక పక్కవాళ్లు విడవాల్సిన జాగా విడవలేదనో మోరీ మీదికి వచ్చారనో అనుకుంటే, పునాది గుంతలు తీసే రోజునే టేపు పట్టి కొలిచి రాసివ్వాలి. స్లాబు పడిన తర్వాత అందరికీ తంటా. ముందు పిలిచి మాట్లాడితే ఇంకా మంచిది.

డీజే చప్పుడుకు పట్టీ పద్ధతి ఇక్కడా పనికొస్తుంది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా మైకులు పెట్టకూడదు. నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు హద్దు. పోలీసులకు ఫోన్ చేసిన వేళ రాసిపెట్టుకోండి.

ఫిర్యాదు ఇచ్చే తీరు గురించి. ఒక కాగితంలో ఒకే పని రాయాలి. నల్లా, లైటు, మోరీ మూడూ ఒకే దరఖాస్తులో రాస్తే అది మూడు సెక్షన్లు తిరిగి ఒక బీరువాలో ఆగుతుంది. రెండు ప్రతులు తీసుకుపోయి, రెండోదాని మీద ఇన్‌వార్డు నంబరు (ఆఫీసుకు వచ్చిన కాగితాల పుస్తకంలో దానికిచ్చే నంబరు), తేదీ, ముద్ర వేయించుకోవాలి. ఆ ముద్ర లేకపోతే ఇవ్వనట్టే. 2019 నాటి పురపాలక చట్టం ప్రతి వార్డుకు యువకులు, మహిళలు, పెద్దలు, ప్రముఖులతో పదిహేను మంది చొప్పున నాలుగు కమిటీలు ఉండాలంది. మీ వార్డు కమిటీలో ఎవరున్నారో అడిగి, ప్రతి ఒకటి వారికీ ఇవ్వండి. పని కాకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జనం ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణికి ఆ ఇన్‌వార్డు నంబరుతో పోవాలి. కొత్తగా మొదటినుంచి కథ చెబితే అదే ఆఫీసుకు అదే కాగితం తిరిగి వస్తుంది.

ఆ తర్వాత సమాచార హక్కు. పట్టణ కార్యాలయానికి పది రూపాయల రుసుము. 'మా మోరీ ఎందుకు తీయలేదు' అని అడిగితే జవాబు రాదు, ఎందుకు అన్నది రికార్డులో ఉండదు. మోరీ తీసిన పనికి అంచనా ప్రతి, కొలతల పుస్తకంలో ఆ పేజీ ప్రతి, ట్రాక్టర్ ట్రిప్పుల రిజిస్టర్‌లో ఫలానా వారం నకలు అని కాగితం పేరు పెట్టి అడగాలి. 30 రోజుల్లో ఇవ్వాలి. ఇవ్వకపోతే తర్వాతి 30 రోజుల్లోగా అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు.

సంపాదకులకు మా విన్నపం ఒకటి. మీ జిల్లా పేజీలో కాలనీల కష్టాలు రోజూ వేస్తున్నారు, అందుకు కృతజ్ఞులం. 'సమస్యల వలయంలో కాలనీ' అని శీర్షిక పెట్టి, మురుగు ఫోటో వేసి, అధికారులు స్పందించాలని స్థానికులు కోరుతున్నారని ముగిస్తే, ఏ అధికారికీ అది తన పని అనిపించదు. ఇకనుంచి ప్రతి వార్త కింద రెండు వరుసలు అదనంగా వేయండి: ఏ గల్లీ, ఏ డోర్ నంబరు లేదా స్తంభం నంబరు, ఎంత కొలత, ఎన్నో తేదీ నుంచి, ఏ ఆఫీసు పని, ఫిర్యాదు ఇన్‌వార్డు నంబరు ఎంత. ఇన్‌వార్డు నంబరు లేకుండా ఎవరైనా మీ విలేకరికి ఫోటో పంపితే, ముందు ఫిర్యాదు ఇచ్చి రమ్మనండి. పదిహేను రోజులకు అదే చోటు గురించి పని అయిందో లేదో ఒక్క వరుస వేయండి. అయితే చేసినవారి హోదా కూడా వేయండి. స్తంభం ఎక్కిన ఎలక్ట్రీషియన్, మోరీలో దిగిన కార్మికుడు ఫిర్యాదు వచ్చిన రోజు మాత్రమే పేపర్లో కనబడటం న్యాయం కాదు.

మృగశిర కార్తెకు ముందు ఒకసారి, దీపం, తీగ, నల్లా, మోరీ, గల్లీ రోడ్డు, పెద్ద రోడ్డు ఏవి ఏ ఆఫీసువో, ఏ ఫోన్ నంబరో పావు పేజీ పట్టికగా వేస్తే కత్తిరించి కిరాణా దుకాణాల గోడలకు అంటించే పని మేం చూసుకుంటాం.

ఇట్లు,
రామగిరి, దేవరకొండ రోడ్డు ప్రాంత నివాసులు కొందరు,
నల్లగొండ